దేవదూత గంట

ఇంకా పిలవలేదు. పిలుస్తాడు, పిలవక ఎక్కడికి పోతాడు. పొద్దు బారెడెక్కేదాకా ఆగమన్నాడు, అంతే. వాగులో దాక్కున్నవాళ్ళకి నిద్రమత్తు వదలాలి, కడుపులో ఆకలి రగలాలి, అప్పుడు గంట వినిపిస్తే ముందూవెనకా చూడకుండా పరుగెత్తుకొస్తారు, వచ్చినవాళ్ళని వచ్చినట్టు గోడల వెనకనుంచి కాల్చి పారేయొచ్చు, ఇదీ కెప్టెన్ లెక్క. లెక్క బాగానే ఉంది, వాడి కడుపు కాలిపోను, అనుకుంది బసీలియా. గంటగోపురం పైన, రెండు గంటలకీ మధ్య ఉన్న ఇటుకల గట్టు మీద కూర్చుని, కుడి మణికట్టును ఒళ్ళో పెట్టుకుని, పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూస్తోంది. నిన్న సాయంత్రం తుపాకి మడమతో ఒక్కటిచ్చారు. లోపలెక్కడో పుల్ల విరిగినట్టయింది, తెల్లారేసరికి మోచేతిదాకా ఉబ్బి నల్లబడింది, వేళ్ళు ముడవమంటే ముడవవు. వీపున శాలువలో కట్టుకున్న ఇనెస్ నిద్రపోతోంది, మెడ మీద చొంగ కారుస్తూ, ఇన్ని ఘోరాలు జరిగిన ఊళ్ళో తనకేమీ పట్టనట్టు. మూడో ఏడు నడుస్తున్న పిల్లకి ఏం పడుతుంది. దాని కాళ్ళు తన నడుముకి అటూ ఇటూ వేలాడుతున్నాయి, ఎర్ర బూట్లతో. ఆ బూట్ల సంగతి ఇప్పుడు తలుచుకోకూడదు.

కిందికి కూడా చూడకూడదనుకుంది. అనుకుంటూనే చూసింది. బజారులో కల్లు దుకాణం వాసానికి నార్సిసో వేలాడుతున్నాడు, మెల్లగా అటు తిరిగి, మెల్లగా ఇటు తిరిగి, ఊళ్ళో ప్రతి గుమ్మాన్నీ ఒకసారి పలకరించాలన్నట్టు. తమ్ముడు. తన ఎంగిలి తిని పెరిగినవాడు. అరికాళ్ళు ఇక్కడికి కనిపిస్తున్నాయి, కాళ్ళు కావవి, పొయ్యిలోంచి లాగిన కట్టెలు. రొట్టెల పెనం మీద కాల్చారు. ఎవరిదో పెనం కూడా కాదు, తన పెనమే, తను మొక్కజొన్న రొట్టెలు కాల్చి దించిన పెనం, కింద ఇంకా ఎర్రగా నిప్పులుండగా దాని మీద వాణ్ణి నిలబెట్టి ఇద్దరు భుజాలు నొక్కి పట్టుకున్నారు. ఆ వాసన శాలువలో ఇప్పటికీ ఉంది, ఉతికినా పోదు, ఉతికే రోజంటూ వస్తే. ఏ గంట కొడితే మీవాళ్ళు వాగులోంచి బయటికొస్తారు, అని అడిగారు. మొదట బూతులు తిట్టాడు. తరవాత అమ్మని పిలిచాడు, అమ్మ ఎప్పుడో పోయిందని మరిచిపోయి. తరవాత అక్కని పిలిచాడు. అక్క గుమ్మంలోనే ఉంది, లోపలికి పోకుండా ఒకడు ఆపితే తలుపు చట్రం పట్టుకుని పెనుగులాడింది, ఆ చేతి మీదే దించారు తుపాకి మడమ. అప్పుడు చెప్పాడు నార్సిసో. సంబరం గంట అన్నాడు. సంబరం గంట మోగితే సైన్యం వెళ్ళిపోయిందని గుర్తు, వచ్చేస్తారు. నిజమే చెప్పాడు. నిజం చెప్పినందుకు ఉరి తీశారు, అబద్ధం చెప్పి ఉంటే ఇంకేం చేసేవాళ్ళో. వాడి మీద కోపం ఉందేమోనని లోపలంతా వెతుక్కుంది, ఎక్కడా దొరకలేదు.

వాణ్ణి వాసానికి ఎత్తిన తరవాత కెప్టెన్ తన దగ్గరికి వచ్చాడు. సముద్రం దాటి వచ్చి ఎన్నో నెలలు కాలేదు వాడు, మన ఎండకి ముక్కు మీద తోలు ఇంకా పొరలు పొరలుగా లేస్తూనే ఉంది. మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడే గచుపీన్లని, స్పెయిన్ నుంచి దిగిన దొరల్ని చూస్తేనే ఆమెకి ఎక్కువ భయం, తిట్టేవాడైతే తిట్టి ఊరుకుంటాడు. "గంట కొట్టేది నువ్వేనట కదమ్మా. మీ ఆయన వాగులో ఉన్నాడట. రేప్పొద్దున నేను చెప్పినప్పుడు సంబరంగా మోగించాలి. చావు గంట మోగిందనుకో, లేదా అసలు మోగలేదనుకో, నీ కూతురు ఆ గోపురం మీంచి కిందికి వస్తుంది. మెట్ల మీంచి కాదు. తెలిసిందా?" అన్నాడు. తెలిసింది అన్నట్టు తలూపింది. ఆ తల ఊపినది తనేనా అని అప్పటినుంచీ అడుగుతూనే ఉంది. వాగులో అరవై డెబ్బై మంది ఉంటారు, అందరూ ఈ ఊరివాళ్ళూ పక్క పల్లెలవాళ్ళూ, అందరి పెళ్ళిళ్ళకీ ఈ గంటలే మోగాయి. వాళ్ళలో తన మొగుడు ఎపిఫానియో ఉన్నాడు. ఇటువైపు ఒక్క ఇనెస్. తక్కెడలో పెట్టి తూచమన్నాడు దొర, ఎంత బరువైనా తల్లికి ఏ పక్క మొగ్గుతుందో వాడికి తెలుసు, అది తెలుసుకోడానికి సముద్రం దాటి రానక్కర్లేదు.

మెట్ల పైఅంచున కాపలావాడు కూర్చుని ఎండు రొట్టె నములుతున్నాడు. ప్రుదెన్సియో అంటారట, సాన్ లూయిస్ వైపువాడు, ఒకప్పుడు గాడిదల మీద ఉప్పు తోలేవాడు. తనకన్నా నల్లగా ఉన్నాడు. స్పెయిన్ రాజుకి ఇంత నల్లటి కొడుకులు ఎప్పుడు పుట్టారో.

"కూర్చో వదినా, దొర కేకేసేదాకా మనకేం పని లేదు," అన్నాడు.

"నేనెవరికి వదినని?"

"సరే, అక్కా అంటాలే. తుపాకి పట్టుకున్నోడికి చుట్టాలుండకూడదా ఏంటి."

"మా తమ్ముణ్ణి వాసానికెత్తింది నువ్వు కాదూ?"

"తాడు లాగాను. ముడేసింది ఇంకోడు," అన్నాడు. చేతిలో మిగిలిన రొట్టెముక్క తిందామా వద్దా అన్నట్టు చూసి, జేబులో పెట్టుకున్నాడు.

తాడు. ఎపిఫానియో కూడా ఇక్కడే తాడు పట్టుకోవడం నేర్పాడు. పెళ్ళైన కొత్తలో. ఈ గుడికి గంటలు కొట్టే పని వాళ్ళ తాతది, తరవాత నాన్నది, తరవాత ఎపిఫానియోది. వెనక నిలబడి, తన చేతుల మీద చేతులు వేసి, చెవి పక్కన చెప్పేవాడు, గంటని కొట్టకూడదే పిచ్చిదానా, బతిమాలాలి, అదే పలుకుతుంది. గంటలకి పేర్లున్నాయి, అందరికీ జ్ఞానస్నానం చేయించినట్టే వీటికీ చేయించారు. పెద్దది మహాతల్లి. నడిమిది సాన్ హొసె. చిన్నది చిట్టిది, దానికి కూడా పెద్ద పేరేదో ఉంది గానీ ఎవరూ పిలవరు. చావుకి సాన్ హొసె ఒక్కడే, నెమ్మదిగా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఏడవడానికి చోటిచ్చి. సంబరానికి అన్నీ కలిసి, ఒకదాన్నొకటి తరుముకుంటూ. తను కొడుతుంటే ఎపిఫానియో కిందనుంచి విని నవ్వేవాడు. నీ రెండో దెబ్బ వెనకపడుతుందే, కుంటిదాని నడకలాగ, ఎన్ని గంటల్లో ఉన్నా నీ కుంటిగంట నేను గుర్తుపడతాను. కోపం వచ్చేది. దిద్దుకుందామని చూసింది, ఎంత చూసినా రెండో దెబ్బ ఆ రవ్వంత వెనకే పడేది, చేతిలో పుట్టిన గుణం అది. మొన్న శీతాకాలంలో వాగులోకి పోతూ అదే మాట వేరేగా చెప్పాడు. రోజూ పొద్దున ప్రార్థన గంట వింటాను, ఆ కుంటి అడుగు వినిపించిందంటే నువ్వు బతికే ఉన్నావని. అంతకుమించి ముద్దుమాట ఆ మనిషి నోట ఎప్పుడూ రాలేదు.

మహాతల్లి ఇప్పుడు లేదు. ఆ దూలం ఖాళీగా ఉంది, పావురాలు గూడు పెట్టాయి. మనవాళ్ళే దించారు. ఎక్కడో ఒక ఊరి పాద్రి తెల్లారకముందే గంట కొట్టించి జనాన్ని లేపాడట, స్పెయిన్ దొరల పాలన ఇక చాలన్నాడట, ఆ మాట దేశమంతా పాకింది, అప్పటినుంచీ గంటలకి కూడా నెమ్మది లేకుండా పోయింది. కరిగించి ఫిరంగి పోస్తామన్నారు. ఊరంతా తాళ్ళు పట్టి దించింది, ముసలమ్మలు దండం పెట్టుకున్నారు, ఎపిఫానియో ముఖం తిప్పుకుని ఏడ్చాడు. గంట పోసే చేతులు వేరు, ఫిరంగి పోసే చేతులు వేరు, ఆ సంగతి ఎవరికి తోచింది. మొదటిసారి పేల్చినప్పుడు గుండు ముందుకి పోలేదు, మహాతల్లి తనే పగిలింది. తను అప్పుడు అక్కడే ఉంది, కడవతో నీళ్ళు మోస్తూ. నిప్పు అంటించినవాడికి ముఖం లేదు, గడ్డం ఉండాల్సిన చోట ఎర్రటి గుంత, కళ్ళు మాత్రం ఉన్నాయి, ఏమైంది ఏమైంది అని అందర్నీ కళ్ళతోనే అడిగాడు. కడవలో నీళ్ళు తాగుతానని చెయ్యి చాపాడు. దేంతో తాగుతాడు. చేతులు తడిపింది, అంతే చెయ్యగలిగింది. ఆ ముక్కల్లో ఒకటి ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఇంట్లో ఉండేది, ఇల్లు నిన్న తగలబెట్టారు కదా, ఇంకా ఉంది అంటుందేమిటి తను.

బూట్లు. వద్దనుకున్నా వచ్చాయి. ఎపిఫానియో మొదట పోయింది గనుల పట్నానికి. అక్కడ స్పెయిన్ దొరలంతా పెళ్ళాం బిడ్డలతో ధాన్యపు కొట్లో దాక్కున్నారు, జనం తలుపు కాల్చి లోపలికి పోయారు. తరవాత ఏమైందో ఎపిఫానియో చెప్పలేదు. మెట్ల మీద జారిపోయాను, అన్నాడు ఒకసారి, ఎందుకు జారాడో చెప్పలేదు, రక్తం అనలేదు. ఎర్ర బూట్లు తెచ్చాడు, చిన్నవి, మెత్తటి తోలు, లోపల పట్టుగుడ్డ. అప్పటికి ఇనెస్ పుట్టనేలేదు. మళ్ళీ ఎవరైనా పుడితే ఉంటాయని తెచ్చాను, అన్నాడు. ఇవి ఎవరి కాళ్ళవి, అని అడిగింది. బజారులో పడి ఉన్నాయి, అన్నాడు గోడకేసి చూస్తూ. అడగకూడనిది అడిగినట్టు తనే సిగ్గుపడింది. ఆ ఎవరిదో పిల్లకి ఎవరైనా గంట కొట్టారా? కొట్టి ఉండరు. ఆ రోజు గంటలన్నీ సంబరానికే మోగి ఉంటాయి. ఇనెస్ కాళ్ళకి ఈ మధ్యనే సరిపోయాయవి, విప్పనివ్వదు, విప్పితే ఊరు లేచిపోయేలా ఏడుస్తుంది, నిద్రలో కూడా అవే.

మళ్ళీ ఎవరైనా పుడితే, అన్నాడే, ఆ మళ్ళీ అన్న మాట మార్కోస్ గురించి. పెద్దాడు. జ్వరం వచ్చి ఒక పూటలో పోయాడు. చిన్నపిల్లలు పోతే చావు గంట కొట్టరు. పాపం తెలియని ప్రాణం తిన్నగా పైకి పోతుంది, దేవదూత అవుతుంది, అందుకని నవ్వు గంట, చిట్టిది ఒక్కటే, సెలయేరు పరుగెత్తినట్టు. సాన్ హొసె నోరు మెదపడు. దూరంనుంచి తెలియనివాడు వింటే ఎవరింట్లోనో పెళ్ళనుకుంటాడు. తల్లి ఏడవకూడదు, ఏడిస్తే రెక్కలు తడుస్తాయి, ఎగరలేదట పసిది. తల్లి చెయ్యి తాడు మీద పడకూడదు, తండ్రి చెయ్యీ పడకూడదు, పడితే పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది, దారి తప్పుతుంది. అందుకని మార్కోస్ పోయినప్పుడు తను వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఈ గోపురం కిందే కూర్చుంది, నార్సిసో వచ్చి గంట కొట్టాడు, ఎప్పుడూ తాడు ముట్టనివాడు, డబడబమని, తప్పెట కొట్టినట్టు. ఎపిఫానియో అవతలి పొలంలో కిత్తనార గీస్తున్నాడు, కల్లు కోసం. చిట్టిది ఒక్కటే మోగడం విన్నాడు. ఎవరో తెలియని చెయ్యి కొట్టడం విన్నాడు. కొట్టేది బసీలియా కాదు, అంటే పోయింది బసీలియా బిడ్డే, అంతే, ఎవరూ వెళ్ళి చెప్పక్కర్లేకపోయింది. ముళ్ళకడ్డంపడి వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని, పంచెలు చీరుకుపోయి, మోకాళ్ళనుంచి రక్తం కారుతూ. ఆ టోపీ తల మీద పెట్టుకోడానికి ఎన్నాళ్ళు పట్టిందో. ఈ ఏడు మళ్ళీ జ్వరాలు, తన చేతులతోనే ఎంతమంది పసివాళ్ళకి ఆ గంట కొట్టిందో లెక్కలేదు, నిద్రలో లేపి కొట్టమన్నా కొడుతుంది.

అక్కడ ఆగింది బసీలియా. లోపల ఏదో ఆగింది. చిట్టిది ఒక్కటే. నవ్వు గంట. తెలియనివాడు వింటే పెళ్ళనుకుంటాడు.

ముక్కు తోలు ఊడే ఆ కెప్టెన్ తెలియనివాడు. వాగులోవాళ్ళు తెలిసినవాళ్ళు. ఊళ్ళో ఎవరి బిడ్డో పోయిందనుకుంటారు, తలలు వంచుకుంటారు, కదలరు. సంబరం గంట కాదు కదా, రెండు గంటలు కలిసి మోగలేదు కదా, రావద్దనే కదా. ఎపిఫానియో? ఎపిఫానియో తన చెయ్యి గుర్తుపడతాడు. కుంటి అడుగు వింటాడు, కొట్టేది బసీలియానే, అయితే పోయింది ఇంకెవరి బిడ్డో, మన ఇనెస్ కాదు, అనుకుంటాడు. అక్కడ మిగతా తండ్రులున్నారు, వాళ్ళకి గుండె గుభేలుమంటుంది, మనుషుల్ని పంపి కనుక్కుందాం అనుకుంటారు, చీకటి పడేదాకా ఓర్చుకుంటారు. ఇనెస్ బతుకుతుంది, వాళ్ళూ బతుకుతారు. తక్కెడ రెండు పక్కలా నిలబడుతుంది. ఇంత తేలికా, అనుకుంది, నిన్నటినుంచీ తోచలేదేం, నార్సిసో వాసానికి ఎక్కకముందు తోచి ఉంటే, తోచి ఉంటే మాత్రం ఏం చేసేది.

"కొట్టమ్మా," అని కెప్టెన్ గొంతు కిందనుంచి వచ్చింది, మర్యాదగా.

లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ ఎత్తునుంచి ఒక్కసారి అంతా కనిపించింది, గోడల వెనక వంగి కూర్చున్న సైనికులు, తుపాకుల గొట్టాలు, కాలిన కప్పులు, ఇంకా లేస్తున్న పొగ, అవతల పొలంలో వరసగా కిత్తనార, నాగజెముడు కంచె, దాని వెనక వాగు. ప్రుదెన్సియో లేచి తుపాకి సవరించుకున్నాడు. "రెండోది?" అన్నాడు సాన్ హొసె తాడుకేసి చూసి.

"దాని నాలుక బీటలిచ్చింది. మోగదు."

అతను వంగి గంట లోపలికి చూశాడు. నాలుక నిక్షేపంగా ఉంది. ఆమె ముఖంలోకి చూశాడు. పక్కకి తప్పుకున్నాడు.

కుడి చేత్తో తాడు పట్టుకుంది. లాగింది. మణికట్టులోంచి భుజందాకా కత్తి దించినట్టయి కళ్ళు బైర్లు కమ్మాయి, వేళ్ళు వాటంతటవే వదిలేశాయి, గంట ఒక్క దెబ్బ వంకరగా మోగి ఊరుకుంది. కింద కెప్టెన్ బూట్ల చప్పుడు ఆగింది. మెట్లెక్కుతున్నాడా. ఇనెస్ వీపున కదిలింది. ఆలోచించడానికి వ్యవధి లేదు, ఎడమ చెయ్యి తాడందుకుంది, చేతికి తెలిసినట్టు లాగింది, గట్టిగా, ఇంకా గట్టిగా, చిట్టిది పలికింది, పరుగెత్తింది, ఘల్లుఘల్లుమని నవ్వింది, తను పళ్ళు బిగించి లాగుతూనే ఉంది. నవ్వవే చిట్టీ, నీ నోరు పడిపోను, నవ్వు.

కింద గోడ వెనక ఒక సైనికుడు టోపీ తీశాడు. పక్కవాడు వాణ్ణి చూసి తనూ తీశాడు. బావి దగ్గరివాడు సిలువ గుర్తు వేసుకున్నాడు. ఎక్కడెక్కడి పల్లెలనుంచో పట్టుకొచ్చినవాళ్ళు, అందరి ఊళ్ళలోనూ పసివాళ్ళు పోతారు. వీళ్ళకి తెలిసిపోయింది, ఒక్కడు నోరు విప్పితే చాలు. ఎవడూ విప్పలేదు. పోరుకి ముందు ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాడు కాబోలు, కెప్టెన్ మెచ్చుకోలుగా చూశాడు.

ప్రుదెన్సియో కూడా టోపీ తీశాడు. "ఎవరి బిడ్డ?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరి బిడ్డా కాదు."

"మా ఊళ్ళోనూ చిన్న గంటే. మా బుడ్డోడికి మా బావమరిది కొట్టాడు." కిందికి తొంగిచూశాడు. "ఇంకాస్త హుషారుగా లాగక్కా. దొర తలూపుతున్నాడు."

లాగింది. చెయ్యి ఊడి వచ్చేదాకా లాగింది. చాలు, అని కింద చెయ్యి ఊపాక వదిలింది. గంట చివరి మోత పొలం మీదుగా పోయి వాగులో దిగి అక్కడే ఉండిపోయింది. అంతా అటే చూశారు. నాగజెముడు కంచె దగ్గర ఆకు కదల్లేదు. రాలేదు. ఇంకా రాలేదు. అర్థమైంది వాళ్ళకి, నా అయ్యలకి అర్థమైంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, గోడకి ఆనుకుంది, నార్సిసో వైపు చూసి, చూశావుటరా తమ్ముడూ, నువ్వు చెప్పిన గంటే కొట్టానురా కాస్త తేడాగా, అనుకుంది. కెప్టెన్ గడియారం తీసి చూసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

అప్పుడు కంచెలోంచి ఒక మనిషి బయటికొచ్చాడు.

ఒక్కడే. తుపాకి లేదు, కత్తి లేదు. కిత్తనార వరసల మధ్యనుంచి, ముళ్ళు చూసుకోకుండా, పడుతూ లేస్తూ వస్తున్నాడు. టోపీ చేతిలో ఉంది. ఛాతీకి అదుముకుని పట్టుకున్నాడు.

ముఖం కనిపించేంత దగ్గర కాదు. ముఖంతో పనేముంది. ఆ నడక, ఆ టోపీ పట్టుకున్న తీరు, మార్కోస్ పోయిననాడు ఇదే గోపురం కిందనుంచి చూసింది. వద్దు, అనుకుంది. ఎందుకొస్తున్నావు, నా చెయ్యి వినలేదా, నేను కొడితే మన బిడ్డ కాదని తెలియదా. అనుకుంటూ చేతికేసి చూసుకుంది. తాడు ఎడమ చేతిలో ఉంది. ఎడమ చెయ్యి కుంటదు. దానికా గుణం లేదు. అది ఎవరో తెలియని చెయ్యి. చిట్టిది ఒక్కటే మోగింది, కొట్టింది బసీలియా కాదు, అంటే. అంటే, అంతే. తనే పిలిచింది. ఎంత తెలివిగా పిలిచిందో, రావొద్దన్నవాళ్ళలో ఒక్కణ్ణే ఏరి, పేరు పెట్టి పిలిచినట్టు పిలిచింది. తోటివాళ్ళు ఆపే ఉంటారు, కాళ్ళు పట్టుకుని ఉంటారు. బిడ్డ పోయిన తండ్రిని ఎవరు ఆపగలరు.

"చూసిరమ్మని ఒకణ్ణి పంపారు," కెప్టెన్ మాట వినిపించింది. "దగ్గరికి రానివ్వండి. తొందరేం లేదు."

అరవాలి. అరిస్తే ఇప్పుడే కాలుస్తారు. గంట కొట్టాలి, ఏం గంట? చావుకి గంట ఉంది, పెళ్ళికి ఉంది, నిప్పంటుకుంటే ఉంది, వానకి ఉంది, పసిది పోతే ఉంది, పసిది బతికే ఉందని చెప్పే గంట ఈ గోపురంలో ఏ తాతా కనిపెట్టలేదే. ఎవరికి అవసరమొచ్చింది కనుక. బతికున్నవాళ్ళ సంగతి గంట చెప్పదు. శాలువ ముడి పళ్ళతో లాగింది. ఇనెస్ జారి ఎడమ చేతిలోకి వచ్చింది, వెచ్చగా, నిద్ర చెడినందుకు ముఖం ముడుచుకుని. విరిగిన చేతిని దాని వీపుకి ఆనించి, ఎడమ చేతిని చంకల కిందినుంచి వేసి, గోపురం కిటికీలోకి ఎత్తింది, ఎండలోకి. నొప్పికి అరుపు గొంతుదాకా వచ్చింది, మింగింది. ప్రుదెన్సియో ఒక్క అడుగు ముందుకేశాడు, ఆపుతాడనుకుంది, ఆపలేదు, కిందినుంచి కనిపించకుండా గోడకి ఒంగి పిల్ల నడుం పట్టుకున్నాడు, పడిపోకుండా. నిద్ర చెడిన కోపానికి ఇనెస్ కాళ్ళు తన్నడం మొదలుపెట్టింది. ఎర్ర బూట్లు ఎండలో తళతళమన్నాయి, అటూ ఇటూ, అటూ ఇటూ.

పొలంలో మనిషి ఆగాడు.

తల ఎత్తాడు. ఎంతసేపు చూశాడో, ఆమెకి మాత్రం ఒక బతుకంత సేపనిపించింది. ఆ బూట్లు ఆయన తెచ్చినవే. ఏ మెట్ల మీంచి తెచ్చాడో ఆయనకే తెలుసు. చూశాడు, చూస్తూ చూస్తూ ఛాతీకి అదుముకున్న టోపీని కిందికి దించాడు, దులిపాడు, తల మీద పెట్టుకున్నాడు. అంచు సరిచేసుకున్నాడు, పెళ్ళికి పోయేవాడిలా. అంతా అర్థమైంది ఆయనకి, బిడ్డ బతికుంది, గంట అబద్ధం, గోడల వెనక తుపాకులున్నాయి. పరుగెత్తలేదు. పరుగెత్తితే వీళ్ళూ వెనకే పరుగెత్తుతారు. వెనక్కి తిరిగి, వాగుకి కాదు, పక్కకి, ఎగువ పొలం వైపు, తన కిత్తనార చూసుకోడానికి వచ్చినవాడిలా నింపాదిగా నడవడం మొదలుపెట్టాడు. చెయ్యి ఒకటి వీపు వెనక, వాగుకి కనిపించేలా, పొండి పొండి అని ఊపుతోంది.

కెప్టెన్‌కి అప్పుడు తోచింది. అరిచాడు, మర్యాద లేకుండా, మొదటిసారి.

గోడలన్నీ ఒక్కసారి పేలాయి. కిత్తనార మట్టలు తెగి ఎగిరాయి. ఎపిఫానియో మోకాళ్ళ మీద పడ్డాడు, లేచాడు, మళ్ళీ పేలాయి, ఈసారి ముఖం ముందుకి పడ్డాడు, మట్టల ముళ్ళ మీదే, అలాగే ఉండిపోయాడు. టోపీ మాత్రం దొర్లి గట్టు దాటింది. గుర్రాలు బజారులోంచి దూసుకుపోయాయి, కెప్టెన్ ముందు, మిగతావాళ్ళు వెనక, ఒకడు పోతూ పోతూ పడి ఉన్నవాడి వీపులో బల్లెం దించి లాక్కుని పోయాడు. వాగు ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి ఆమెకి చూడకుండానే తెలుసు, వాళ్ళ కేకలు విన్నా తెలుస్తోంది, ఎవడూ లేడని ఒకణ్ణొకడు తిట్టుకుంటున్నారు.

ఇనెస్ ఏడుస్తోంది. ప్రుదెన్సియో దాన్ని కింద కూర్చోబెట్టి, జేబులోంచి ఆ రొట్టెముక్క తీసి చేతిలో పెట్టాడు. "పిల్లని తీసుకుని వెనక మెట్లమీంచి పో అక్కా. దొర తిరిగొచ్చేలోపు," అన్నాడు. "నన్ను తోసేసి పోయిందని చెప్తాలే. నమ్మరనుకో. అయినా చెప్తాలే."

పోతాను, అంది. పోయే ముందు పనొకటుంది, అంది. సాన్ హొసె తాడు దగ్గరికి పోయింది. బిడ్డకి తల్లి చెయ్యి తాడు మీద పడకూడదన్నారు గానీ, మొగుడికి పెళ్ళాం చెయ్యి పడకూడదని ఎవరూ అనలేదు. ఎడమ చేత్తో పట్టుకోబోయి మానేసింది. ఉబ్బిపోయిన కుడి చేతి చుట్టూ తాడు రెండు మెలికలు తిప్పుకుని, వేళ్ళు వదిలేసినా వదలకుండా బిగించుకుని, ఒళ్ళంతా వేసి లాగింది. నొప్పికి నోట్లోంచి ఏ అరుపు వచ్చిందో తనకి వినిపించలేదు. సాన్ హొసె పలికాడు. మళ్ళీ లాగింది. రెండో దెబ్బ రవ్వంత వెనకపడింది.